ఎవరూ చూడని స్నానం

జపాన్ వెళ్ళొచ్చానంటే హాస్టల్లో అందరూ ముందు తిండి గురించి అడుగుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒన్‌సెన్‌లో నిజంగానే బట్టల్లేకుండా స్నానం చేస్తారంట కదా, నువ్వు వెళ్ళావా?" అంటారు. వెళ్ళాను. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఒన్‌సెన్ అంటే వేడినీటి ఊట. దానికి వాళ్ళకి 1948 నుంచి ఒక చట్టమే ఉంది. భూమిలోంచి వచ్చే నీరు కనీసం 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టంలో చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగినంత ఉండాలి. మేం స్టూడెంట్ ప్రోగ్రాంకి క్యుషూ దీవికి వెళ్ళినప్పుడు, ఒక సెలవు రోజున బెప్పు అనే ఊరు చూశాం. ఆ ఒక్క ఊళ్ళో రెండు వేలకు పైగా ఊటలున్నాయి. కొన్ని వీధుల్లో డ్రైనేజీ మూతల్లోంచి కూడా ఆవిరి వస్తుంటుంది. పక్కనే అగ్నిపర్వతం ఉంది మరి.

వేడినీళ్ళ ఊటలు మనకీ ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. నేల పగుళ్ళలోంచి లోతుకి దిగిన నీరు అక్కడ వేడెక్కి పైకి వస్తుంది. అదే గోదావరి మా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి చల్లగానే ఉంటుంది. కాబట్టి నాకు నీళ్ళు కొత్త కాదు, స్నానం చేసే పద్ధతే కొత్త.

మేం వెళ్ళింది తకెగవర అనే పాత స్నానశాలకి. 1879లో మొదలైంది, ఇప్పుడున్న చెక్క భవనం 1938 నాటిది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు గదులు. బట్టలన్నీ అరలో పెట్టేసి, చేతిలో చిన్న తువ్వాలుతో మెట్లు దిగాలి. తొట్టిలోకి దిగే ముందే బయట కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. తొట్టిలో సబ్బు వాడకూడదు, జుట్టు నీళ్ళలో పడకూడదు, తువ్వాలు ముంచకూడదు. అందుకే చాలామంది దాన్ని మడిచి నెత్తిన పెట్టుకుంటారు. మనం మురికి పోగొట్టుకోడానికి నీళ్ళలో దిగుతాం, వాళ్ళు మురికి పోయాకే దిగుతారు.

నా ఫ్రెండ్స్ సిగ్గుపడింది బట్టల్లేనందుకు. నా భయం వేరే.

నాకు ఏడేళ్ళప్పటి నుంచి బొల్లి ఉంది. మోచేతుల మీద, వీపు మీద, మోకాళ్ళ మీద తెల్లమచ్చలు. చర్మానికి రంగునిచ్చే కణాలు అక్కడ పోయాయి, అంతే. నొప్పి లేదు, అంటుకోదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

2015 జూలై పుష్కరాలకి నాకు పదేళ్ళు. అమ్మమ్మ రామపాదాల రేవుకి తీసుకెళ్ళింది. ఎర్రనీళ్ళలో నడుం లోతున నిలబడి మునగబోతుంటే, పక్కనున్న ఒకావిడ వాళ్ళ పిల్లాణ్ణి లాగేసుకుంది. "ఆ పిల్ల మునిగిన చోట వద్దు, ఇటు రా" అంది. అమ్మమ్మ ఊరుకోలేదు. "గోదారి పారతా ఉంటాదమ్మా, ఒక్కచోట ఆగదు" అని గట్టిగానే అంది. కానీ నేను మునగకుండానే ఒడ్డుకి వచ్చేశాను. అప్పట్నుంచి ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్సే.

తకెగవరలో ఆ ఫుల్ హ్యాండ్స్ అరలో పెట్టి మెట్లు దిగాను. బకెట్‌తో నీళ్ళు ముంచుకుంటుంటే పక్కనున్న ముసలావిడ నాకేసి చూసింది. అయిపోయింది అనుకున్నా. ఆవిడ చూసింది నా బకెట్‌ని. నీళ్ళు సలసలా కాగుతున్నట్టున్నాయి, నేనేమో నెత్తిన పోసుకోబోతున్నాను. వద్దని చెయ్యి ఊపి, చల్లనీళ్ళ కుళాయి చూపించి, ముందు పాదాల మీద పోసుకోమని సైగ చేసింది. తర్వాత తన పని తను చూసుకుంది.

ఆవిడ పొట్ట మీద పొడుగాటి కుట్ల గీత ఉంది. తొట్టిలో ఉన్న ఇంకొకావిడకి ఒక రొమ్ము లేదు. ఇదంతా నేను చూశాను. వాళ్ళెవరూ నన్ను చూళ్ళేదు. చూపు ఎక్కడ పెట్టాలో వాళ్ళకి చిన్నప్పట్నుంచీ అలవాటు, నాకింకా రాలేదు. నీళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చున్నాను. పదేళ్ళుగా బిగబట్టుకున్న భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి.

జపాన్‌లో అంతా గొప్పే అనడం లేదు. పచ్చబొట్టు ఉంటే చాలా స్నానశాలల్లో రానివ్వరు. పచ్చబొట్టంటే అక్కడ చాలామందికి రౌడీ ముఠాలు గుర్తొస్తాయి. మా అమ్మమ్మకి ముంజేతి మీద పాతకాలం పచ్చబొట్టు ఉంది. నన్ను రానిచ్చిన దేశంలోనే ఆవిణ్ణి గుమ్మం దగ్గర ఆపేసే చోట్లున్నాయి. ఎవరి దగ్గర దేన్ని చూడాలో, దేన్ని వదిలెయ్యాలో ప్రతి ఊరూ తనకి తాను నేర్పుకున్నదే. నేర్చుకున్నదే అయితే మార్చుకోవచ్చు కూడా. నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే.

2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. రేవుకి ఎవరెవరం వెళ్ళాలో అమ్మమ్మ ఇప్పట్నుంచే లెక్కలేస్తోంది. నేనూ వస్తానన్నాను. పొట్టి చేతుల డ్రెస్ వేసుకుంటానని కూడా చెప్పాను. మీలో ఎవరైనా అక్కడ కనబడితే పలకరించండి, చేతులకేసి కాకుండా మొహంకేసి చూసి.