ఘాట్ ఎక్కితే ఆగే పద్మిని

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య మామూలుగా మాట్లాడితే వినిపించదు, అరవాలి. పాత కార్లు మాత్రమే ముట్టుకునే మేస్త్రి ఒకాయన అక్కడ ఉన్నాడని విని వెళ్లాను. రేకుల కింద మీగడ రంగు ప్రీమియర్ పద్మిని, దాని పక్కన రిటైరైన లెక్చరర్ గారు ఒకాయన.

పద్మిని పుట్టిల్లు ఇటలీ. ఫియట్ 1100 డిలైట్‌ను ప్రీమియర్ వాళ్లు బొంబాయిలోని కుర్లాలో 1964 నుంచి తయారుచేశారు, 1974లో ఈ పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజను, క్యామ్‌షాఫ్ట్ ఆడించే మెకానికల్ పెట్రోలు పంపు, కార్బురేటరు. కంప్యూటరు తగిలించి జబ్బేమిటో చదివే వీలు లేదు.

ఊళ్లో బండి బాగానే తిరుగుతుందట. ఎత్తు ఎక్కేటప్పుడో, హైవే మీద కాసేపు జోరుగా పోతేనో ఎగిరెగిరి పడి ఆగిపోతుంది. పది నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఈపాటికే ఎక్కడెక్కడో చూపించి కాయిలు, కండెన్సరు, కార్బురేటరు కిట్టు, చివరికి పంపు కూడా మార్పించారు.

“మార్చిన ప్రతిసారీ బాగైనట్టే ఉండేదండీ,” అన్నారు లెక్చరర్ గారు.

“పది నిమిషాలు ఊరుకుంటే అదే బాగవుతుంది మాస్టారూ. ఆ టైములో కొబ్బరికాయ కొట్టినా స్టార్టవుతుంది,” అన్నాడు మేస్త్రి.

వేసవిలో పంపు మీద తడిగుడ్డ కప్పే డ్రైవర్లు గుర్తొచ్చారు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం నిజంగా ఉన్న జబ్బే. కానీ ఎన్నిసార్లు గుడ్డ పనిచేసిందో, ఎన్నిసార్లు ఊరికే ఆగడం పనిచేసిందో ఎవరు చూశారు?

షెడ్డులో మేస్త్రి బానెట్టే ఎత్తలేదు. ఒక డబ్బాలో పెట్రోలు, ఖాళీ సీసా, రబ్బరు పైపు, సైకిల్ పంపు, మంటలార్పే సిలిండరు డిక్కీలో పెట్టించి, బండిని కొండపల్లి కోట ఘాట్ రోడ్డుకి తోలమన్నాడు. నేనూ వెనక సీట్లో ఎక్కాను. ఘాట్ సగంలో బండి రెండు కుదుపులు కుదిపి ఆగింది. ఆగినందుకు సంతోషించిన మెకానిక్‌ని అప్పుడే చూశాను.

ఆ తర్వాత అంతా పరుగే. ముందు పెట్రోలు టాంకు మూత తీశాడు. మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయి ఉంటే తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోవాలి. పోలేదు. ప్లగ్గు తీగ దగ్గర నిప్పురవ్వ నీలంగా, గట్టిగా ఉంది. కాయిలు వైరు పీకేసి, కార్బురేటరుకి వెళ్లే పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగు చుక్కలు, మిగతా అంతా బుడగలు. పెట్రోలు అందడం లేదన్నది ఖాయం. మరి తప్పు పంపుదా, పంపుకి వెనకాలదా? పంపు లాగే పైపును పెట్రోలు డబ్బాలో ముంచి మళ్లీ సెల్ఫ్ కొట్టించాడు. ఈసారి ధార దెబ్బ దెబ్బకీ సీసా అంచుకు తగిలింది.

“పంపు పాపం ఏం చేసింది!”

ఇక మిగిలింది టాంకు నుంచి వచ్చే గొట్టం. దాని కొసకు సైకిల్ పంపు తగిలించి నొక్కాడు. మొదటి రెండు పోట్లకు పిడి కదల్లేదు, మూడోదానికి ఒక్కసారిగా వదులైంది. వెనక చెవి ఒగ్గి నిలబడ్డ నాకు టాంకులో గుడగుడ వినిపించింది.

అడుగున పేరుకున్న తుప్పు పెచ్చులు జోరుగా లాగినప్పుడే గొట్టం మూతికున్న జాలీకి అతుక్కుంటాయి. ఇంజను ఆగితే లాగుడు ఉండదు, వాటంతటవే రాలిపోతాయి. ఎత్తు మీదైతే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి, పైగా వెనకున్న టాంకు కిందికి దిగి పంపుకు ఇంకా బరువు.

నేను ఇథనాల్ మాట ఎత్తాను. ఈమధ్య ప్రతి బండి జబ్బునూ 20 శాతం కలిపిన పెట్రోలు మీదికే తోస్తున్నారు కదా. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడిపోవడం తనూ చూశానన్నాడు. “ఈ తుప్పు మాత్రం బండి సగం టాంకుతో ఏళ్లకేళ్లు కదలకుండా నిలబడ్డప్పటిది,” అని కొట్టిపారేశాడు. చేతిలో రుజువున్నవాడి మాట అది, నాకు సబబుగానే తోచింది.

మర్నాడు టాంకు దించారు. పాత పేపరు మీద బోర్లిస్తే గోరంత పెచ్చులు, వాటిని పట్టుకుని బెల్లం పాకంలాంటి బంక. టాంకు కడిగించి, రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, పంపుకి ముందు లోపలిది కనిపించే ఫిల్టరు పెట్టాడు. కొన్నాళ్లు తుప్పు వస్తూనే ఉంటుందనీ, ఫిల్టరు ఎర్రబడితే మార్చేయమనీ చెప్పాడు. మళ్లీ ఘాట్ ఎక్కించాం. ఆగలేదు.

బిల్లు రాస్తూ మేస్త్రి అడిగాడు: “మాస్టారూ, ఆ పాత పంపు పారేయలేదు కదా? కంపెనీది. పట్టుకురండి, అదే బిగిస్తాను.”