పప్పన్నం కలుపుకోలేని పళ్లెం

మొయినాబాద్ దాటాక ఒక మామిడితోటలో ఉంది ఈ స్టోన్‌వేర్ స్టూడియో. ఆదివారం పేజీకి నాలుగు ఫొటోలు, కాసిని కబుర్లు చాలన్నారు ఎడిటరు. యజమానురాలు పుదుచ్చేరిలో పని నేర్చుకుని వచ్చారు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టాక, దేశంలో ఈ పని చేసే చాలామందికి అదే గురుకులం.

ఆవిడ గ్లేజు డబ్బాలు ఒక్కొక్కటే చూపిస్తున్నారు. నా చూపు మాత్రం సారె దగ్గరే ఉండిపోయింది. అక్కడ కూర్చున్న పెద్దాయన కుమ్మరి. చిన్నప్పటి నుంచి కడవలు, కూజాలు చేసిన మనిషి, ఇప్పుడు కరెంటు సారె మీద డిన్నర్ ప్లేట్లు చేస్తున్నాడు. పళ్లెమే కదా అనుకుంటాం గానీ, కుండకంటే మొండిది అదే. ముద్దను నడిమికి తెచ్చి, అరచేత్తో అణుస్తూ వెడల్పు చేశాడు. ఆ తర్వాత చెక్కబద్దతో అడుగును మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు నొక్కుతూ పోయాడు. ఎంతసేపటికీ ఆపడే! అలా నొక్కకపోతే ఆరేటప్పుడు నట్టనడుమ పగులుతుందట.

కొత్తగా చేరిన కుర్రాడు ఒక పచ్చి పళ్లేన్ని ఒంటిచేత్తో ఎత్తాడు. అంచు కాస్త వంగితే చటుక్కున సరిచేశాడు.

"అది పక్కకు పెట్టు. నువ్వు మర్చిపోతవ్, మట్టి మర్చిపోదు" అన్నాడు పెద్దాయన.

సరిచేసిన వంపు 1200 డిగ్రీలు దాటిన వేడిలో మళ్లీ బయటపడుతుంది. ఊరి ఆవం అంత వేడెక్కదు. అందుకే కుండ చెమరుస్తుంది, నీళ్లు చల్లబడతాయి. ఇక్కడ మట్టిలో కలిపిన ఫెల్డ్‌స్పార్ కరిగి సందులు మూసేస్తుంది కాబట్టి పులుసు పోసినా పళ్లెం పీల్చదు.

అయితే ఆ పులుసు పళ్లెంలో నిలవాలిగా! ఆయన ఫిర్యాదూ అదే.

"మేడం, దీంట్ల పప్పన్నం ఎట్ల కలుపుకుంటరు? జర అంచు లేపనియ్యుండ్రి."

"రెస్టారెంటువాళ్ల డ్రాయింగ్ అంతే అన్నా" అన్నారావిడ.

మధ్యాహ్నం ఆ పళ్లేల్లోనే భోంచేశాం. నల్లటి మ్యాట్ గ్లేజు, అంచు ఉన్నట్టా లేనట్టా. పచ్చిపులుసు పోసుకోగానే అది బయటికి దారి వెతుక్కుంది. మెతుకులు కలుపుతుంటే గరుకు మీద గోరు గీసుకుని ఒళ్లు జలదరించింది. పోనీ ఫోర్కుకు పనికొస్తుందా అంటే, మ్యాట్ గ్లేజు మీద ఫోర్కు గీతలూ పడతాయి. ఇక ఇది కెమెరా కోసమే అనుకోవాలి. నాకు కోపమే వచ్చింది. మన ఇత్తడి, కంచు కంచాలు ఏనాడో తేల్చేసిన సంగతి ఇది. అడుగు చదును, చుట్టూ నిలువంచు, చేతికి నునుపు.

మనకు లేనిదేమిటని? పళ్లేలకు పనికొచ్చే బాల్ క్లే ద్వారకా తిరుమల ప్రాంతంలో దొరుకుతుంది. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ చెప్పే ప్రభుత్వ కళాశాల ఉంది. కుమ్మరులు ఇంకా ఉన్నారు. కానీ డ్రాయింగు గీసే బల్ల దగ్గరికి వాళ్లను పిలవం. ఆ పెద్దాయన చేతులకు కూలి కట్టి, ఆయన బుర్రను గేటు బయటే ఆపేశాం. చేతిపనికి శిక్షణ, సబ్సిడీ సారెలు అంటూ ఉపన్యాసాలు దంచేవాళ్లలో ఒక్కరైనా, పళ్లెం ఎంత లోతుండాలో ఆయన్ని అడిగారా?

అన్నం తిన్నాక ఆవిడతో కాసేపు వాదించాను. ఆవిడ లెక్క ఆవిడకుంది. అంచు లేపితే కొలిమిలో అరల మధ్య ఎత్తు పెంచాలి, ఒక వరుస తగ్గుతుంది, గ్యాసు మాత్రం అంతే కాలుతుంది. ఆ వరుస ధర కూడా కలిపి చెప్పండి, ఆరు పళ్లేలు నాకు కావాలన్నాను.

"ఆరూ అచ్చం ఒక్కలాగే ఉండాలంటారా మీరు కూడా?"

అక్కర్లేదు, అంచు మాత్రం ఆయన చెప్పినంత ఉండాలన్నాను.