టోక్యో చెత్త యుద్ధం, మా హాస్టల్ వెనక వాగు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

పోయిన నెల ఎన్విరాన్‌మెంట్ సబ్జెక్టులో మా రూం నలుగురికి కలిపి ఒక సెమినార్ ఇచ్చారు. అభివృద్ధి చెందిన దేశాలు చెత్తను ఏం చేస్తాయి అనేది టాపిక్. మా నలుగురి ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. గూడెంలో చెత్త అంటే పేడ, ఆకులు, బూడిద. పెంటకుప్పలో వేస్తే అదే చేనుకు ఎరువు. ఇందులో చదివేది ఏముంటుంది అనుకున్నాం. జపాన్ తీసుకున్నాం. రంగురంగుల డబ్బాలు, అద్దంలాంటి రోడ్లు చూపిస్తే అయిపోతుందనుకున్నాం. కానీ చదువుతుంటే దొరికింది పెద్ద కొట్లాట.

టోక్యోలో 23 వార్డులు. ఒక్కోటి ఒక మున్సిపాలిటీ లెక్క. సముద్రం పక్కన కోటో అనే వార్డు ఉంది. ఊరందరి చెత్త తెచ్చి అక్కడి తీరంలోనే పోసేవారు. ఆ దిబ్బ పేరు యుమెనోషిమా, అంటే కలల దీవి. పేరు చూసి మేము నవ్వుకున్నాం. 1965 ఎండాకాలంలో ఆ దిబ్బ మీద పుట్టిన ఈగలు కోటో ఇళ్లల్లోకి దండులా వచ్చి పడ్డాయి. చివరికి దిబ్బకే నిప్పు పెట్టాల్సి వచ్చింది. రోజుకు వేల లారీలు, కంపు, కారే నీళ్లు, అన్నీ కోటో వాళ్లకే.

సుగినామి ఇంకో వార్డు, పేరున్న ఇళ్ల ప్రాంతం. అక్కడ చెత్త కాల్చే ప్లాంట్ కడతామంటే మా దగ్గర వద్దన్నారు. 1971లో గవర్నర్ మినోబె "చెత్త యుద్ధం" ప్రకటించారు. 1973 మే నెలలో కోటో వాళ్లు రోడ్డు మీదికి వచ్చి సుగినామి లారీలను ఆపేశారు. మీ చెత్త మీరే చూసుకోవాలి అన్నదే వాళ్ల మాట. సుగినామి వీధుల్లో సంచులు పేరుకుపోయాయి. 1974లో రాజీ కుదిరింది. ప్లాంట్ పూర్తయ్యేసరికి 1982 వచ్చింది. ఇప్పుడు దాని వేడితోనే పక్కన ఈతకొలనులో నీళ్లు కాగుతాయి. కలల దీవి పార్కు అయింది. టోక్యో ఒలింపిక్స్‌లో విలువిద్య పోటీలు అక్కడే జరిగాయి.

అంతా బాగైపోయిందని కాదు. జపాన్‌లో ఊళ్ల చెత్తలో రీసైకిల్ అయ్యేది దాదాపు ఐదో వంతే, ఎక్కువ భాగం కాలుస్తారు. టోక్యోలో ఇప్పటికీ ప్లాంట్ లేని వార్డులున్నాయి. బూడిదలో కొంత సిమెంటుకు పోయినా, మిగిలింది సముద్రపు దిబ్బకే పోతుంది. కానీ కాలేది, సీసాలు, డబ్బాలు, కాగితం ఇంట్లోనే వేరు చేసి, వాటి వాటి రోజున బయట పెడతారు. 2001 నుంచి టీవీ, ఫ్రిజ్ లాంటివి పారేయాలంటే పారేసేవాళ్లే రీసైక్లింగ్ ఖర్చు కట్టాలి.

సెమినార్‌లో మేము గట్టిగా చెప్పాం: మన గూడేలు కూడా కోటో లాంటివే, పట్నం చెత్త మన పక్కకే వస్తుందని. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం మెస్ డ్రమ్ము పారబోయడానికి మా వంతు వచ్చింది. ఎప్పటిలాగే గోడ వెనక వాగు ఒడ్డున పోశాం. ఎంగిలి అన్నం, పాల కవర్లు, నూనె ప్యాకెట్లు. కింద గూడెం నుంచి మేకలు తోలుకొచ్చిన అవ్వ చూసింది. తిట్టలేదు. "మీరు మా పిల్లలే గద బిడ్డా, మీ ఎంగిలి మా వాగుల కలిపితే ఎట్ల?" అని అడిగి పోయింది. ఆ రాత్రి రూంలో ఎవరం ఎక్కువ మాట్లాడుకోలేదు. పొద్దున కోటో అన్నాం, సాయంత్రానికి సుగినామి అయ్యాం.

వార్డెన్ సార్‌ని అడిగి రెండు డ్రమ్ములు పెట్టాం. ఎంగిలి, కూరగాయల తొక్కలు హాస్టల్ ఆవరణలో తవ్విన గుంతకు. కవర్లు, సీసాలు కడిగి పాత సామాన్ల అతనికి. పలచటి కవర్లు అతను తీసుకోడు, అవి మూట కట్టి పెట్టాం, ఏం చేయాలో ఇంకా తెలియలేదు. కొందరు జూనియర్లు ఇప్పటికీ కలిపే వేస్తున్నారు.

అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ హాస్టల్ చెత్త ఎక్కడికి పోతుందో ఒకసారి దాని వెంట నడిచి చూడండి. చూసింది కింద రాయండి. ఆ పలచటి కవర్లకు దారి ఎవరికైనా తెలిస్తే అది కూడా చెప్పండి.