రంగుల లెక్కలో తలుపుల వాటా

మా అమలాపురంలో ఇళ్ళకు రంగులు పడేది రెండు సందర్భాల్లో. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తుంటే, లేకపోతే ఇంట్లో పెళ్ళి కుదిరితే. మాది రెండోది. అమ్మకి ఉబ్బసం. రంగులు వేసినన్నాళ్ళూ వేరే ఇల్లు చూసుకుందామంటే అద్దె, సామాన్ల మోత. దానికన్నా ఘాటు తక్కువ రంగు ఎంతవుతుందో చూద్దామనుకున్నాను.

"ఆయ్, నాలుగు రోజులు తలుపులు తీసుంచితే వాసన పోద్దండి. దానికి డబ్బులు తగలెయ్యటం ఎందుకండీ?" అన్నాడు మేస్త్రి.

ఆయన అంచనా 70,000. అందులో సగం పైన కూలీ, గీకుడు, లప్పానికే పోతోంది. గోడల ఎమల్షన్ ఎలాగూ నీళ్ళు కలిపేదే. అసలు ఘాటు తలుపులకి, కిటికీ ఊచలకి వేసే ఆయిల్ పెయింటుది. టర్పెంటైన్ కలిపిన ఆ రంగు ఆరడమంటే అందులోని రసాయనాలు మనం పీల్చే గాలిలోకి చేరడమే. వాసన తగ్గాక కూడా కొంతకాలం వస్తూనే ఉంటాయి. సువాసన కలిపిన డబ్బాలూ ఉన్నాయి కాబట్టి ముక్కుని నమ్మి లాభం లేదు. డబ్బా మీద వీఓసీ, అంటే గాలిలోకి చేరే ఆ రసాయనాలు, లీటరుకి ఎన్ని గ్రాములో చూడాలి. 50 దాటనివే ఏరుకున్నాను. ముదురు రంగుల్లో కలిపే టింటరుతో ఆ అంకె పెరగొచ్చని లేత రంగులతో సరిపెట్టాం.

తలుపులకి ఆయిల్ పెయింటు బదులు నీళ్ళు కలిపే ఎనామిల్, అదే నీటి ఎనామిల్ వల్ల 2,400, అమ్మ గదికి తక్కువ వీఓసీ ఎమల్షన్ వల్ల 1,800 అదనం. మొత్తం మీద నూటికి ఆరు రూపాయలు. మెరుపు కాస్త తగ్గింది, పెళ్ళికొచ్చిన వాళ్ళెవరూ తలుపులు చూడలేదు.

కొన్ని డబ్బాల్లో మేస్త్రికి డబ్బులొచ్చే టోకెను ఉంటుంది. టోకెను పెద్దదైతే ఆ డబ్బాయే మంచిదవుతుంది. ఆయన్నని ఏం లాభం, వ్యాపారం అలా నడుస్తోంది. రోజు కూలీ కొంచెం పెంచి, డబ్బాలు నేనే కొన్నాను.

నీటి ఎనామిల్ పాత ఆయిల్ పెయింటు మీద నేరుగా పట్టదు, గీకి ప్రైమర్ కొట్టాలి. ఆ గీకుడు దగ్గర జాగ్రత్త. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన తలుపుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? తడిపి రుద్దించాం, పిల్లల్ని అటు రానివ్వలేదు.

వెనక కొట్టుకి ఎప్పుడూ ఎమల్షన్ వేయలేదు, దానికి సున్నమే కొట్టించాం. చవక, ఘాటు లేదు, కొన్నాళ్ళు బూజు దరిచేరదు. కాలవ పక్క గోడకి మాత్రం ముందు పైపు లీకు బాగుచేయించి, ఆరాకే రంగు వేయించాం. చెమ్మ గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా బూజు మళ్ళీ పైకొస్తుంది, ఉబ్బసానికి అదీ శత్రువే.

రంగులేయించే ఆలోచన ఉంటే అంచనా కాగితంలో ముందు తలుపుల లైను చూడండి. డబ్బు సరిపోకపోతే హాలుకి మామూలు ఎమల్షన్ చాలు, తలుపులకి మాత్రం నీటి ఎనామిలే అడగండి.