గుడియాత్తం దారి

మా చిత్తూరు వైపు పల్లెల్లో జబ్బు ముదిరితే, "ఇంక రాయవేలూరు తీసుకుపొండి" అంటారు. మావాళ్ళకు అది ఊరి పేరు కాదు, ఆస్పత్రి పేరే. మొన్న నేనూ కంటి పరీక్షకని అక్కడికే వెళ్ళాను. పని ఒక పూటలో తెమిలింది. గుడియాత్తంలో ఉన్న మా పినతండ్రి కూతురిని చూచి వద్దామని బస్సెక్కాను. తోడు మా మనుమరాలు.

ఆ పిల్లకు పదిహేడేళ్ళు. ఆడపిల్లలను పది రోజులు ఒక పల్లెలో ఉంచి, ఇంటింటికీ తిప్పి పని నేర్పే శిబిరం ఒకటి వాళ్ళ కాలేజీవారు పెడుతున్నారు. పెద్దల సంతకం కావాలి. ఇంట్లో ఎవరూ చేయలేదు. చివరకు ఆ కాగితం నా జేబులో చేరింది.

బస్సు పాలారు వంతెన దాటింది. ఏట్లో నీటికంటె ఇసుకే ఎక్కువ. కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం దాటితే గుడియాత్తం. మొత్తం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు వేలూరునుంచి గుడియాత్తానికి వారం వారం ఒక వైద్యురాలు వెళ్ళి వస్తూండేది. ఆమె ఐడా స్కడ్డర్, అమెరికన్ మిషనరీ బిడ్డ. 1870లో రాణిపేటలో పుట్టింది. యౌవనంలో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవారు వచ్చి, ప్రసవం కాక అల్లాడుతున్న తమ భార్యలను చూడమని బతిమాలారు. ఆమెకు వైద్యం తెలియదు. వైద్యుడైన తండ్రి వస్తానంటే, పరపురుషుడు వద్దన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ పోయారు. ఆ పిమ్మట ఆమె అమెరికాలో వైద్యం చదివి, 1900లో వేలూరు చేరింది.

గుడియాత్తం ప్రయాణాలకు మొదట ఎద్దుబండి, తరువాత చిన్న పెజో కారు. దారి పొడుగునా చెట్లకింద రోగులు కాచుకొని ఉండేవారు. బండి ఆగినచోటే ఆస్పత్రి.

1918లో ఆమె ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. ముగ్గురు చేరితే గొప్పే అన్నారట అధికారులు. వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మొదటి ఏడు పరీక్షకు కూర్చున్న 14 మందీ గట్టెక్కారు. 1947లో మగపిల్లలను చేర్చుకొనేదాకా వైద్యవిద్య అక్కడ ఆడపిల్లలదే.

ఆ విద్యార్థినులను కూడా ఆమె బాటపక్క వైద్యానికి వెంటబెట్టుకొని పోయేది. ఒక్కసారి ఊహించుకోండి: ఎదుట మూగిన జనం, ఏడ్చే పసివాళ్ళు, సలహాలు చెప్పే పెద్దలు. ఎవరిని ముందు చూడాలి, ఎవరిని ఆగమనాలి? అది ఏ పుస్తకంలో ఉంటుంది? ఇప్పటికీ అక్కడి కొత్త విద్యార్థులను పల్లెలో బస చేయించి ఇంటింటికీ పంపే ఆనవాయితీ ఉంది. మేము దాటివచ్చిన కె.వి.కుప్పం ప్రాంతంలో 1977 నుంచీ ఆ సంస్థవారి గ్రామసేవా కేంద్రం పనిచేస్తున్నది.

గుడియాత్తం చేరాము. కౌండిన్య నది ఒడ్డున మగ్గాలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు. మా చెల్లెలు సంగతి విని, "పెళ్ళి కావలసిన పిల్లను పది రోజులు పల్లెలోనా, అన్నా?" అని బుగ్గ నొక్కుకొంది. నాకు జవాబు తోచలేదు.

ఈలోగా పిల్ల వీధిలోకి జారుకొంది. పొరుగింటి అరుగుమీద ఒక ముసలమ్మ బీడీలు చుడుతున్నది. మాట తెలుగే, సగం అరవం. ఆస్పత్రివారు మూడు రకాల మాత్రలిచ్చారట. ఏది ఎప్పుడో మరిచిపోయి అన్నీ పొద్దున్నే మింగుతున్నదట! మా పిల్ల చీటీ చదివి, ఒక పొట్లంమీద సూర్యుణ్ణి, ఒకదానిమీద చంద్రుణ్ణి, మూడోదానిమీద రెంటినీ బొమ్మ వేసింది. తరువాత ముసలమ్మచేత తిరిగి చెప్పించుకొంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగా చెప్పేదాకా మావాళ్ళ పిల్ల కదలలేదు.

గుమ్మంలోనుంచి చూస్తున్న మా చెల్లెలు మరి మాట్లాడలేదు.

తిరుగు బస్సులో కాగితం తీసి, ఆ పిల్ల కలమే అడిగి పుచ్చుకొన్నాను. కుదుపుకు సంతకం వంకరపోయింది.

"పనికి వస్తుందా?" అన్నాను.

"వస్తుంది తాతా" అని, నా మనసు మారుతుందేమోనన్నట్టు గబగబా మడిచి దాచుకొంది.