నీటి పద్దు

ఒక వస్తువును కొనడానికి ఎంత అవుతుందో అడిగి తెలుసుకోవడం మనందరికీ అలవాటే. దానిని నిలుపుకోవడానికి ఎంత అవుతుందో అడిగేవారు తక్కువ. ఏనుగును తేవడం కాదు, మేపడం కష్టమని పెద్దలు ఊరకే అనలేదు. ఏనుగు విషయంలో ఈ మాట ఎవరికైనా బోధపడుతుంది. బొటనవేలంత చేప విషయంలోనూ అది అంతే సత్యమని నాకు మా ఇంటి పద్దుల పుస్తకం నేర్పింది.

2021లో, అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ముచ్చట తీర్చడానికి ఒక గాజు తొట్టిని కొన్నాం. పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అంచు దాకా నింపకుండా పోస్తే యాభై లీటర్ల నీరు పడుతుంది. తొట్టి, దానికొక బల్ల, గాలి పంపు, ఫిల్టరు, చిన్న దీపం, పది గప్పీ చేపలు, అన్నీ కలిపి 3,500 రూపాయలు అయ్యాయి. పద్దుల పుస్తకంలో ఆ మొత్తాన్ని ఒకే పంక్తిలో రాసి గీత గీశాను. నెల తిరిగేసరికి ఆ గీత కింద ‘చేపల నీళ్ళు’ అనే కొత్త పద్దు మొదలైంది. అది ఈనాటికీ ముగియలేదు.

ఆ పద్దును చూసి మొదట ఆశ్చర్యపడింది మా అమ్మ. “నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదరా! మళ్ళీ మార్చడం ఎందుకు? మందులు పోయడం ఎందుకు?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కంటికి తేటగా కనిపించే నీరు శుభ్రమైన నీరని మనం నమ్ముతాం. కాని చేపను చంపే విషానికి రంగు లేదు.

చేప మొప్పల ద్వారా నిరంతరం అమోనియాను విడుస్తుంది. దాని మలినం, అది తినకుండా వదిలిన మేత కుళ్ళినా అమోనియాయే పుడుతుంది. క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో, వేడి పెరిగిన రోజుల్లో దాని విషం మరింత తీవ్రమవుతుంది. ప్రకృతి దీనికి ఒక ఉపాయం చేసింది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. అది రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. నైట్రోస్పైరా వంటి మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు. అయితే దానిని తొట్టిలో నుంచి తీసివేసేవారు కావాలి. చెరువులోనైతే మొక్కలు పీల్చుకుంటాయి. నదిలోనైతే ప్రవాహం మోసుకుపోతుంది. నాలుగు గాజు పలకల మధ్య ఆ పని చేయవలసినవాడు తొట్టి యజమాని.

అందుకే ప్రతి ఆదివారం తొట్టిలోని నీటిలో నాలుగోవంతు, అంటే సుమారు పన్నెండున్నర లీటర్లు తీసి, కొత్త నీరు పోయాలి. ఎండల్లో ఆవిరై తగ్గిన నీటిని నింపితే చాలదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే; అందులో కరిగి ఉన్నవన్నీ తొట్టిలోనే మిగిలి, నానాటికీ చిక్కబడతాయి. నింపడం వేరు, మార్చడం వేరు. ఒకనాడు మా అమ్మాయి కాగితం మీద లెక్క కట్టింది. ఏడాదికి 52 ఆదివారాలు, 650 లీటర్లు. యాభై లీటర్ల తొట్టి ఏడాదిలో తన పరిమాణానికి పదమూడు రెట్ల నీటిని అడుగుతోంది!

ఆ నీటిని కూడా నేరుగా కుళాయి కింద నుంచి పట్టి పోయడానికి వీలులేదు. నగరానికి వచ్చే నీటిలో రోగకారక క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. ఆ క్లోరిన్ మనకు రక్ష. చేపకు మాత్రం అది మొప్పలను కాల్చే నిప్పు. అంతేకాదు, ఫిల్టరు స్పాంజిలో నివాసముండి అమోనియాను హరించే సూక్ష్మజీవులను కూడా అది చంపుతుంది. కనుక దుకాణంలో ‘యాంటీ క్లోరిన్’ అనే మందు కొని, చుక్కలు లెక్కపెట్టి బకెట్టులో కలపాలి. నగరం డబ్బు పెట్టి నీటిలో కలిపినదానిని మేము డబ్బు పెట్టి తీసివేస్తున్నామన్నమాట! వింతగా తోచినా ఇందులో వృథా ఏమీ లేదు. ఒకే నీరు రెండు ప్రాణులకు రెండు రకాలుగా శుద్ధి కావలసి ఉంది.

మా పుస్తకంలోని నెలవారీ లెక్క ఇది. ఎనిమిది వాట్ల పంపు రాత్రింబగళ్ళు, పది వాట్ల దీపం రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తే నెలకు ఎనిమిది యూనిట్ల విద్యుత్తు. సుమారు 40 రూపాయలు. యాంటీ క్లోరిన్‌కు 30. ఫిల్టరులో వేసే ప్రత్యేకమైన బొగ్గుకూ, స్పాంజికీ కలిపి 100. అమోనియాను, నైట్రైటును పరీక్షించే చుక్కల మందుకు 50. మొత్తం 220 రూపాయలు. మేత ఖర్చు ఇందులో చేరలేదు. పదహారవ నెలలో నీటి ఖర్చు తొట్టి మొత్తం వెలను దాటిపోయింది.

ఈ ఖర్చును తప్పించే ఉపాయం కోసం మనిషి ఆనాటి నుంచే వెతుకుతున్నాడు. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో బంగారు చేపలతోపాటు వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెంచాడు. చేప విడిచిన వాయువును మొక్క గ్రహిస్తుంది, మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చుతుంది; ఇక నీరు మార్చనక్కరలేదని ఆయన ఆలోచన. కాని మొక్క ఆకులు కుళ్ళి నీరు పాడవసాగింది. అప్పుడు ఆ కుళ్ళును తినడానికి నత్తలను ప్రవేశపెట్టాడు. ఆ ప్రయోగ ఫలితాలను 1850లో ప్రకటించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి చేపల శాల వెలసింది. పేరు పొందిన ఆ సమతుల్య పాత్రలో కూడా నీరు తనంతట తాను శుభ్రపడలేదు. నత్తలు కూలి లేకుండా పనిచేశాయి, అంతే.

ఆ తరువాత ఒక ఏడాది మా ఇంటి ఆదాయం తగ్గింది. ఏ ఖర్చును ఆపగలమని నలుగురం పద్దుల పుస్తకం ముందు కూర్చున్నాం. వారపత్రికను ఆపవచ్చు. కొత్త బట్టలను పండుగ నుంచి పండుగకు వాయిదా వేయవచ్చు. ‘చేపల నీళ్ళు’ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. నదిలోని చేప నీరు నచ్చకపోతే మరొక చోటికి ఈదిపోతుంది. తొట్టిలోని చేపకు ఆ దారి లేదు. మనం ఇచ్చిన నీటిలోనే అది ఊపిరి తీయాలి. దాని దారిని మూసినది మనమే కనుక, దాని నీటి భారమూ మనదే. ఈ మాట చెప్పింది నేను కాదు, మా అమ్మాయి.

చెప్పి ఊరుకోలేదు. క్లోరిన్ మాత్రమే కలిపిన నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే ఆ వాయువు గాలిలో కలిసిపోతుందని తెలుసుకుంది. శనివారం ఉదయమే రెండు బకెట్లు నింపి వరండాలో పెట్టడం మొదలుపెట్టింది. స్పాంజి పాతబడిందని పారవేయకుండా, తొట్టిలో నుంచి తీసిన నీటిలోనే పిండి మళ్ళీ వాడసాగింది. కుళాయి నీటిలో కడిగితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి కదా! మేతను తగ్గించింది. రంగునీ, వాసననీ తొలగించే బొగ్గు అవసరం దాదాపు లేకుండా పోయింది. గప్పీలు పిల్లలు పెట్టి సంఖ్య పెరిగినప్పుడు, చేపలు ఎక్కువైతే మలినమూ ఎక్కువవుతుందని, తొట్టెలున్న స్నేహితురాళ్ళకు పంచిపెట్టింది. 220 రూపాయల పద్దు 90కి దిగింది.

ఖర్చు తగ్గిందని నేను సంతోషించాను. మా అమ్మ నవ్వింది. “తగ్గలేదురా, చేతులు మారింది. నీ జేబులోంచి పోయేది ఇప్పుడు దాని ఒంట్లోంచి పోతోంది” అన్నది. నిజమే. డబ్బు చెల్లించనిచోట సమయం చెల్లించాలి, శ్రమ చెల్లించాలి, శ్రద్ధ చెల్లించాలి. మా అమ్మ చిన్నతనంలో వాళ్ళ ఊరి మంచినీళ్ళ బావికి రుసుము లేదట. కాని ఏటా వేసవిలో ఇంటికొక మనిషి చొప్పున దిగి పూడిక తీసేవారట. పొలాలకు నీరు వదలడానికి, తూములు కాపాడడానికి చెరువుకు నీరటికాడు ఉండేవాడట. ఆ నీరు ఉచితమని ఎవరూ అనుకోలేదు.

వేసవిలో మా వీధికి ట్యాంకరు వచ్చే రోజుల్లో, మనుషులు బిందెలతో నిలబడగా చేపలకు నీరు మార్చడం తగునా అన్న సందేహం నన్ను బాధించేది. దానికి సమాధానం మా అమ్మే చూపింది. తొట్టిలో నుంచి తీసిన నీటిలోని నైట్రేటు మొక్కలకు ఎరువు. ఆ పన్నెండు లీటర్లను తులసికీ, కరివేపాకుకూ, మల్లెకూ పోయసాగింది. మొక్కలకు వేరే నీరు పట్టే పని తప్పింది. చేపకు జబ్బు చేసి ఉప్పు కలిపినప్పుడు మాత్రం ఆ నీటిని మొక్కల దరికి రానివ్వదు.

ఆలోచిస్తే మన నగరమూ ఒక పెద్ద తొట్టియే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ హైదరాబాదు దాహం తీర్చడానికి సిద్ధమయ్యాయి. అవి చాలక 2004లో కృష్ణా జలాలు, 2015లో గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చాయి. ఆ నీటిని పంపులతో ఎత్తాలి, పటికతో తేర్చాలి, ఇసుకలో వడపోయాలి, క్లోరిన్ కలపాలి. ఇవన్నీ ఈరోజు చేస్తే రేపు మానవచ్చునా? ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చిన హుస్సేన్‌సాగర్ నీటిని ఈనాడు దోసిలితో ఎత్తి నోట పోసుకోలేం. జలాశయాన్ని నిర్మించినవారి పేరు చరిత్రలో ఉంటుంది. ఆ నీటిని ప్రతిరోజూ శుభ్రపరచేవారి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు.

శుభ్రమైన నీరు ఒకసారి కొని దాచుకునే ఆస్తి కాదు. అది వారం వారం తీర్చవలసిన బాకీ. తీర్చినంతకాలం అది కంటికి కనిపించదు. మానిన నాడు మాత్రం, మొట్టమొదట నోరులేని ప్రాణి ఆ వడ్డీని చెల్లిస్తుంది.