కుండ అడుగున మిగిలింది

పొద్దు గూకిందంటే తమిళనాడు ధర్మపురి జిల్లా కంబైనల్లూరులో మా ఇంట సంకటి కట్టె చప్పుడు వినబడాల్సిందే. అది డెబ్బైల నాటి మాట. నూకలు ఉడికాక అవ్వ రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంట చేసి, మూతపెట్టి వదిలేసేది. ఆవిరి పైకి తన్నుకొచ్చాక కుండ దించి, గోనెపట్టా చుట్టి, రెండు కాళ్ల మధ్య బిగించి కెలికేది. ఒక్క ఉండ కట్టినా ఊరుకునేది కాదు. తడిచేత్తో ముద్దలు చేసేసరికి ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయేవి.

మొదటి ముద్దలు తాతకు, నాయనకు. తర్వాత అన్నలకు. అనపగింజల పులుసును గరిటె అడుగుదాకా దించి, గింజలొచ్చేలా తోడి వాళ్లకు పోసేవాళ్లు. అందరూ లేచాక అమ్మ గడప పక్కన కూర్చునేది. అప్పటికి గింజలుండవు, చారులాంటి నీళ్లే. ముద్ద చాలకపోతే కుండకంటిన మాడు గీక్కునేది.

"మాడంటే నాకిష్టమేలే" అనేది నాతో. చాలా ఏళ్లు నమ్మాను.

నేను పెద్దమనిషినైనప్పుడు మాత్రం ఇల్లు ఇల్లంతా మారిపోయింది. అవ్వ నల్ల ఉద్దులు వేయించి విసిరి, తాటిబెల్లం పాకంలో కెలికి, నువ్వులనూనె ధారగా పోసి కళి చేసింది. "నడుముకు బలం, తిను" అంటూ దగ్గర కూర్చుని తినిపించింది. ఆడపిల్ల ఒంటికి ఏం కావాలో మా ఇంట్లో అందరికీ తెలుసన్నమాట. ఆ కొద్ది రోజులు గడిచాక ఎవరికీ గుర్తుండేది కాదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

తమ్ముడు కడుపులో ఉండగా అమ్మ పెదవులు తెల్లబడ్డాయి. బిందె ఎత్తితే ఆయాసం. ఇంటికొచ్చిన నర్సమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టింది. టీతో మింగితే ఒంటికి పట్టదని, ఆకుకూర తినమని చెప్పింది. దొడ్లో మునగచెట్టు ఉండనే ఉంది. ఆకు దూసి వేపుడు చేస్తే అది కూడా మగవాళ్ల పళ్లాల్లోకే పోయేది.

నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుందని, తెల్లబియ్యంలో అది 10 దాటదని పెద్దయ్యాక చదివాను. ఆ రాగులు మా చేలోనే పండేవి. బియ్యం చవకయ్యాక సంకటి మా వీధిలో తగ్గిపోయింది. 2023 మేలో ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషన్ షాపుల్లో కార్డుకు 2 కిలోల బియ్యం బదులు రాగులివ్వడం మొదలుపెట్టారు. మంచి పనే. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 53 శాతానికి పైగా రక్తహీనత ఉందని తేలింది. సంచిలో రాగులుంటే చాలదు, ముద్ద ఎవరి పళ్లెంలో పడుతుందో చూడాలి.

ఊరికి వెళ్లినప్పుడల్లా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, గరిటె అడుగుదాకా దించి ఆమెకే ముందు పోస్తాను. "నువ్వు తినమ్మా, నేను తర్వాత" అంటుంది. వినను. తింటుంది. తిని లేచాక చూస్తే, పళ్లెం అంచున నాకోసం అనపగింజలు పక్కకు తీసిపెట్టి ఉంటాయి.